తేజ రోజు

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అంటుంది అమ్మ
"ఇవాళ తేజ."
అంతే. ఇంకేం చెప్పక్కర్లేదు.
నాన్న కుట్టుమిషను మీద గుడ్డ కప్పి
లుంగీ పైకి దోపుకుంటాడు.
అంకారావు కొళాయి కిందికి బేసిను జరుపుతాడు.
నేను పొడిగుడ్డ వెతుక్కుంటాను.
జాకెట్లు కత్తిరించగా మిగిలిన లైనింగు అది,
ఒక్కో వారం ఒక్కో రంగు.

బాడిగ కాయ వచ్చిన రోజు వేరు.
రంగే గాని దానికి మంట తక్కువ.
ఆ రోజు అమ్మే పీచు లాక్కుంటుంది,
మేం మొహమాటానికైనా వద్దనం.

తేజకి జాలి లేదు.
పొద్దున ఎనిమిది నుంచి
కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డులో
తొడిమ తొడిమా గిల్లిన వేళ్ళు
నీళ్ళు తగిలితే మండుతాయి,
సబ్బు తగిలితే ఏడిపిస్తాయి.
మజ్జిగలో ముంచినా కొబ్బరినూనె రాసినా
రాత్రి పదింటిదాకా అమ్మ మాట వినవు.
ఆ చేత్తో అన్నం కలిపి పెట్టదు, జడ వెయ్యదు,
కంట్లో నలుసు పడితే
నాన్న దగ్గరికి పొమ్మంటుంది.

ముక్కాలిపీట మీద కూచుని
రెండు చేతులూ గాలికి ఆరేసుకుని
నోటితో తోముతుంది అమ్మ.
"దాక అడుగున ఇంకా ఉంది, చూడు."
"పాలగిన్నె ముందు, చేపలది చివర.
ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"
అటు తిరక్కుండానే తెలుసు తనకి,
చప్పుడుని బట్టి ఏది దబరో ఏది సత్తు తపేలానో
నాన్న ఎక్కడ పైపైన కానిచ్చాడో.

మొదట్లో సంగడిగుంట సందంతా నవ్వింది
టైలరు అంట్ల ముందు కూచున్నాడని.
అందరికంటే ముందు నవ్వింది మా నాయనమ్మ.
తర్వాతెప్పుడో ఒకరోజు
చారుకి పిసికిన చింతపండు పిప్పి పట్టుకొచ్చి
"రాగిచెంబుకి ఇట్టా రుద్దాలిరా" అంటూ
కొడుకు పక్కన కూలబడింది.

నాన్నకి నవ్వులతో పేచీ లేదు.
పేచీ అల్లా సూదితో.
రాత్రి నీళ్ళలో నానిన వేలు
మర్నాడు కాజాలు కుట్టేటప్పుడు
చటుక్కున దిగనిస్తుంది.
ఎవరిదో తెల్లచొక్కా లోపలివైపు
ఒక్క చుక్క ఎరుపు.
ఉమ్మి తడితో తుడిచేసి
మిరపకాయ బాకీ అంటాడు.

నా చదువు మొదలైంది గిన్నెల అంచుల మీద.
తుడుస్తూ తుడుస్తూ
చుక్కల అక్షరాలు కూడబలుక్కున్నాను.
బేసిను మీద కో-టే-శ్వ-రి.
పళ్ళెం వెనక
ఎవరి పెళ్ళికో చదివించిన తారీఖు.
ఒక గ్లాసు మీద షేక్ మస్తాన్‌బీ.
అది పక్కింటిది.
మా గరిటె వాళ్ళింట్లో ఉంది.
పదేళ్ళుగా రెండిళ్ళవాళ్ళూ
రేపు తెచ్చిస్తామంటూనే ఉన్నారు.

మే నెలలో యార్డుకి సెలవులు.
కాయ లేదు, కూలి లేదు,
మంటా లేదు.
ఒక రాత్రి అన్నాలయ్యాక
అమ్మ లేచి పీచు అందుకుంది.
అప్పటికే మేం ముగ్గురం
ఎవరి చోట్లో వాళ్ళం కూచున్నాం.
నాన్న జరగలేదు.
"లేవయ్యా, నా చేతులు బాగానే ఉన్నాయిగా."
"ఉంటే ఉండనీ."
"మరి నేనేం చెయ్యను?"

ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు.
కొళాయి కారుతూనే ఉంది.
చివరికి అంకారావు బకెట్టు అవతలికి నెట్టాడు.
ఇద్దరికి సరిపోయే చోట
నలుగురం ఇరుక్కున్నాం,
మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతూ.
పాలగిన్నె అమ్మ తీసుకుంది.
మొగుడి మీద కోపమంతా దాని మీద చూపించింది.

నురగ చింది నా కంట్లో పడింది.
అమ్మ చటుక్కున చీరకొంగు తడిపి,
కొంగు చాలక, చూపుడువేలితో
నా రెప్ప కింద తుడిచేసింది.
తుడిచాక గుర్తొచ్చింది తనకి.
వేలు గాల్లోనే ఆగిపోయింది.
నేనూ ఊపిరి బిగబట్టాను,
మంట కోసం.

రాలేదు.

"బాగానే ఉందా?" అంది.
ఊఁ అన్నాను.
వేలు తీస్తుందేమోనని
ఇంకో కన్ను కూడా మూసుకున్నాను.

"సరిపోయింది సంబడం,"
అంది గడపలోంచి నాయనమ్మ,
"ఆ మూకుడు ఎవరు తోముతారు?"